మచ్చల గింజలు: బార్బరా మెక్లింటాక్

సావనీరుకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలకు ఈ సంచికలో కొదవ ఉండదు. వాటిని నాకంటే బాగా రాయగలవాళ్ళు మన బ్యాచీల్లో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ టమోటా వంగడాల మీద పని చేసినవాణ్ణి. ఆ పనిలో నాకు తరచూ గుర్తొచ్చిన ఒక మనిషి కథ చెబుతాను. నిజానికి ఆమె పంట టమోటా కాదు, మొక్కజొన్న. పేరు బార్బరా మెక్లింటాక్. 1983లో నోబెల్ బహుమతి వచ్చింది కాబట్టి పేరు కొందరైనా విని ఉంటారు. మన పత్రికల్లో ఆమె మీద వచ్చే వ్యాసాలు ఆ బహుమతి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంటాయి. నా మటుకు నాకు ఆమె పనుల్లో అన్నిటికంటే ఇష్టమైనది 1931 నాటిది. అప్పటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు.

ఆ పని విలువ తెలియాలంటే ముందు ఒక మొగ్గలోకి తొంగిచూడాలి. టమోటా మొక్క కణాల్లో ఇరవై నాలుగు క్రోమోజోములుంటాయి. పన్నెండు తల్లి నుంచి, పన్నెండు తండ్రి నుంచి వచ్చినవి. పుప్పొడి తయారయ్యేటప్పుడు ఈ ఇరవై నాలుగు మళ్ళీ పన్నెండు కావాలి, లేకపోతే తరతరానికీ రెట్టింపు అవుతూ పోతాయి. ఈ సగం చేసే పనినే మనం ఇంటర్‌లో క్షయకరణ విభజన అని చదువుకున్నాం. అప్పుడు మార్కుల కోసం దశల పేర్లు బట్టీ పట్టాం. అసలు విశేషం ఎక్కడుందంటే, విడిపోయే ముందు తల్లి క్రోమోజోమూ తండ్రి క్రోమోజోమూ పక్కపక్కన చేరి, జడపాయల్లా దగ్గరగా అంటుకుని, అక్కడక్కడా తెగి, తెగిన ముక్కలు ఒకదానితో ఒకటి మార్చుకుంటాయి. తర్వాతే విడిపోతాయి. అందుకే బిడ్డకు చేరే క్రోమోజోము అచ్చం తల్లిదీ కాదు, అచ్చం తండ్రిదీ కాదు. దీన్నే క్రాసింగ్ ఓవర్ అంటారు.

టమోటాలో దీన్ని చూడాలంటే మిరియపు గింజకన్నా చిన్న మొగ్గలను కోసి, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేసి, లోపలి పరాగకోశాన్ని గాజు పలక మీద ఎసిటోకార్మిన్ రంగులో సూదితో నలగ్గొట్టి, పైన సన్నని గాజుబిళ్ళ పెట్టి బొటనవేలితో నొక్కాలి. తుప్పు పట్టిన సూదితో కలిపితే రంగు ఇంకా బాగా పడుతుంది. మొగ్గ ఒక్క రోజు ముదిరినా అంతా అయిపోయి ఉంటుంది, ఒక్క రోజు లేతదైనా ఇంకా మొదలై ఉండదు. సరైన మొగ్గ దొరికిన రోజున మాత్రం పన్నెండు జంటలూ ఎర్రని నూలుపోగుల్లా కనిపిస్తాయి.

ఇది చూసి ముచ్చటపడటానికే కాదు. మదనపల్లె వైపు టమోటా వేసే వాళ్ళను అడిగితే ఆకుముడత అంటే ఏమిటో చెబుతారు. తెల్లదోమ మోసుకొచ్చే ఆ వైరస్‌ను తట్టుకునే గుణం దక్షిణ అమెరికాలోని ఒక అడవి టమోటాలో ఉంది. దాన్ని మన టమోటాలోకి తెచ్చేటప్పుడు ఆ జన్యువు ఒక్కటే రాదు. ఆరో క్రోమోజోములో దాని చుట్టూ ఉన్న అడవి ముక్క కూడా వెంట వస్తుంది. పెళ్ళికి అల్లుణ్ణి పిలిస్తే ఊరంతా దిగినట్టు! ఆ ముక్క తెగి వదిలిపోవాలంటే క్షయకరణ విభజనలో సరిగ్గా ఆ చోట క్రాసింగ్ ఓవర్ జరగాలి. అడవి క్రోమోజోములో అక్కడి వరుస కొంత తలకిందులుగా ఉండటంవల్ల అది మన టమోటా క్రోమోజోముతో సరిగ్గా జతకట్టదు, మార్పిడి అరుదుగా జరుగుతుంది. కావలసిన ఒక్క మొక్క కోసం వేల మొలకలు వెతకాలి. క్రాసింగ్ ఓవర్ అనే మాట నాకు పాఠ్యపుస్తకంలో బొమ్మగా మిగలకపోవడానికి కారణం ఇదే.

ఇక మెక్లింటాక్ దగ్గరికి వస్తాను.

ఆమె 1902 జూన్ 16న అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. నలుగురు పిల్లల్లో మూడో ఆమె. తండ్రి హోమియోపతి వైద్యుడు. మొదట ఎలినార్ అని పేరు పెట్టి, ఇంత నాజూకు పేరు ఈ పిల్లకు నప్పదని కొన్నాళ్ళకే బార్బరా అని పిలవడం మొదలుపెట్టారట. 1908లో కుటుంబం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు మారింది. అక్కడ ఎరాస్మస్ హాల్ హైస్కూల్లో చదువు. లెక్కలకు, సైన్సుకు జవాబు తనదైన దారిలో కనుక్కోవడం ఇష్టం. మగపిల్లలతో వీధిలో బంతాట ఆడటం అంతకన్నా ఇష్టం.

హైస్కూలు 1919లో అయిపోయింది. పై చదువు దగ్గర తల్లి అడ్డుపడ్డారు. కాలేజీ చదివితే ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని ఆమె భయం. ఈ భయం మనకు కొత్త కాదు. మన బ్యాచీలో పదో తరగతి లెక్కల్లో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని, ఆ వేసవిలోనే పెళ్ళయి వెళ్ళిపోయిన అమ్మాయి ఉంది. పేరు రాయను, ఈ సంచిక ఆమె కూడా చదువుతుంది. బార్బరా విషయంలో మాత్రం మొదటి ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యుడిగా వెళ్ళిన తండ్రి ఆ సమయానికి తిరిగి వచ్చారు. ఆయన సరే అన్నారు. ఆ పతనంలో, అంటే మన దసరా రోజుల్లో మొదలయ్యే వాళ్ళ విద్యా సంవత్సరంలో, ఆమె ఇథాకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వ్యవసాయ కళాశాలలో చేరారు. తండ్రి రావడం ఇంకో ఏడాది ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో నేను చాలాసార్లు ఆలోచించాను.

కార్నెల్‌లో ఆమె మొదటి ఏడాది అమ్మాయిల సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు. ఒక జాజ్ బృందంలో బాంజో వాయించారు. పెద్దింటి అమ్మాయిల క్లబ్బు ఒకటి రమ్మని పిలిస్తే, అందులోకి యూదు అమ్మాయిలను రానివ్వరని తెలిసి వద్దన్నారు. ఇంకో తమాషా. భూగర్భశాస్త్రం పరీక్షలో ప్రశ్నలు చూసి ఎంత ఉత్సాహపడ్డారంటే, చకచకా జవాబులన్నీ రాసేసి, తీరా కాగితం మీద తన పేరు రాయబోతే పేరు గుర్తుకు రాలేదట. పక్కవాళ్ళను అడగడానికి సిగ్గుపడి ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నారట. ఈ ముచ్చట ఆమే తర్వాత చెప్పుకున్నారు. మన పరీక్ష హాళ్ళలో పేరు తప్ప ఇంకేమీ గుర్తుకురాని వాళ్ళమే ఎక్కువ.

1921లో జన్యుశాస్త్రం కోర్సు ఒకటి తీసుకున్నారు. ఆ శాస్త్రం పుట్టి అప్పటికి ఇరవై ఏళ్ళే. కోర్సు అయ్యాక ఆ ఆచార్యుడు హచిసన్ స్వయంగా ఫోను చేసి, పీజీ వాళ్ళకు చెప్పే పై కోర్సులో కూడా చేరమన్నారు. తన దారి ఆ ఫోను కాల్‌తోనే నిర్ణయమైపోయిందని ఆమె తర్వాత చెప్పేవారు. 1923లో బీఎస్సీ, 1925లో ఎమ్మెస్, 1927లో పీహెచ్‌డీ అయ్యాయి. అన్నీ వృక్షశాస్త్రంలోనే, అన్నీ అక్కడే.

అప్పటికి మొక్కజొన్న మీద పరిశోధనకు కార్నెల్ పెట్టింది పేరు. రోలిన్స్ ఎమర్సన్ అనే పెద్దాయన చుట్టూ కుర్రవాళ్ళంతా చేరారు. తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న జార్జ్ బీడిల్, జీవితాంతం బార్బరాకు మంచి స్నేహితుడైన మార్కస్ రోడ్స్ ఆ గుంపులోని వాళ్ళే. మొక్కజొన్నలో ఒక సౌకర్యం ఉంది. కండె మీద ఒక్కో గింజా ఒక్కో బిడ్డ. గింజ రంగు చూస్తే చాలు, సంకరణం ఫలితం వందల లెక్కన చేతిలో ఉన్నట్టే. కానీ వాళ్ళంతా చేలో గింజలు లెక్కపెట్టేవాళ్ళు, కణం లోపల ఏముందో తెలియదు. క్రోమోజోములు పది జతలని తెలుసు, ఏది ఏదో గుర్తుపట్టలేరు.

ఆ గుర్తుపట్టే పని బార్బరా చేశారు. అప్పటిదాకా అందరూ వేరు కొనలను కోసి చూసేవారు. అక్కడ క్రోమోజోములు పొట్టిగా, ముద్దగా ఉంటాయి. ఆమె వేర్లను వదిలి, పుప్పొడి తయారయ్యే కణాలను ఎసిటోకార్మిన్‌లో నలగ్గొట్టి చూశారు. పదీ పది రకాలుగా కనిపించాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకదాని నడుము మధ్యలో, ఇంకొకదాని నడుము చివర, కొన్నిటి మీద నల్లని బుడిపెలు. పొడవును బట్టి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి 1929లో ప్రచురించారు. నేటికీ మొక్కజొన్న క్రోమోజోములకు ఆ అంకెలే వాడుతున్నాం. ఒక ఊళ్ళో ఇళ్ళన్నిటికీ నంబర్లు వేసినట్టు ఇది. నంబర్లు పడ్డాక ఎవరు ఏ ఇంట్లో ఉంటారో వెతకవచ్చు. తర్వాతి రెండేళ్ళలో ఏ జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందో ఆ కుర్రవాళ్ళు ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోయారు.

ఇప్పుడు 1931. దీని దగ్గర కొంచెం నిలబడతాను.

క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయన్న మాట అప్పటికి ఇరవై ఏళ్ళుగా అందరూ చెబుతున్నదే. పండు ఈగల మీద పనిచేసిన మోర్గాన్ ఆ మాట తెచ్చారు. ఒకే క్రోమోజోము మీదున్న రెండు గుణాలు ఎప్పుడూ కలిసే పోవాలి కదా, అప్పుడప్పుడూ ఎందుకు విడిపోతున్నాయి? ముక్కలు మారుతున్నాయి కాబట్టి. లెక్క సరిపోయింది. ఆ లెక్కల మీదే జన్యుపటాలు కూడా గీశారు. కానీ ముక్క మారడం కంటితో చూసినవాళ్ళు లేరు. జంటలో రెండూ అచ్చు ఒకేలా ఉంటే ముక్కలు మారినా తెలిసేదెట్లా? ఒకే రంగు చీరలు రెండిటి చెంగులు మార్చి కుట్టేస్తే ఎవరు కనిపెడతారు?

బార్బరాకు తొమ్మిదో క్రోమోజోములో ఒక వింత దొరికింది. కొన్ని మొక్కల్లో దాని ఒక కొసన పెద్ద నల్లని బుడిపె ఉంది. రెండో వైపున ఎనిమిదో క్రోమోజోము నుంచి తెగి వచ్చిన ముక్క ఒకటి అతుక్కుని ఉంది. అంటే రెండు చివర్లా గుర్తులున్న క్రోమోజోము. మామూలు తొమ్మిదో క్రోమోజోముకు ఈ రెండూ లేవు. రెండు రకాలూ ఒకే మొక్కలో ఉంటే, రంగు చీర ఒకటి, తెల్ల చీర ఒకటి అయినట్టే. ఆ రెండు గుర్తుల పరిసరాల్లోనే రెండు జన్యువులున్నాయి. ఒకటి గింజకు రంగునిచ్చేది. రెండోది గింజలో పిండి ఎలాంటిదో చెప్పేది. మామూలు పిండి అయోడిన్ తగిలితే నీలం అవుతుంది, మైనపు రకం పిండి ఎర్రబడుతుంది. వేరే సాధనమేదీ అక్కర్లేదు, గింజ గీరి ఒక చుక్క అయోడిన్ వేస్తే చాలు.

వెల్లెస్లీ కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన హ్యారియెట్ క్రైటన్ అనే విద్యార్థినికి బార్బరా ఈ పని అప్పగించారు. ఇద్దరూ కలిసి చేశారు. రెండు గుర్తులూ, రంగూ, మైనపు గుణమూ ఒకే క్రోమోజోము మీదున్న మొక్కను, గుర్తులు లేని మొక్కతో సంకరం చేశారు. వచ్చిన గింజల్లో రంగు ఉండి మైనపు గుణం లేనివి, మైనపు గుణం ఉండి రంగు లేనివి, అంటే గుణాలు విడిపోయినవి ఏరారు. వాటిని నాటి, పెరిగాక మొగ్గలు కోసి చూశారు. గుణాలు విడిపోయిన చోట గుర్తులూ విడిపోయి ఉన్నాయి. రంగు ఉండి మైనపు గుణం లేనిదాంట్లో బుడిపె ఉంది, అతుకు ముక్క లేదు. ఇరవై ఏళ్ళ లెక్క కళ్ళ ముందు నిలబడింది.

వాళ్ళు చూసిన మొక్కలు లెక్కకు చాలా కొద్ది. ఇంకో పంట వేసి మరికొన్ని చూసి రాద్దామనుకున్నారు. ఆ రోజుల్లోనే ఉపన్యాసాలివ్వడానికి మోర్గాన్ కార్నెల్‌కు వచ్చారు. ఈ సంగతి విని, మరో పంట దాకా ఆగవద్దని, వెంటనే రాసి పంపమని పట్టుబట్టారు. ఆరు పేజీల వ్యాసం ఆ ఆగస్టులో అచ్చయింది. కొన్ని వారాల తేడాతో జర్మనీలో కర్ట్ స్టెర్న్ ఇదే విషయాన్ని పండు ఈగల్లో రుజువు చేసి ప్రచురించారు. పది, పన్నెండు రోజులకొక తరం వచ్చే ఈగతో, ఏడాదికొక పంట వచ్చే మొక్కజొన్న పందెం వేసి గెలిచింది. నా అభిప్రాయంలో మోర్గాన్ చేసిన ఈ సాయం ఆయన చేసిన పరిశోధనలతో సమానం. తన సొంత పంట ఈగ అయినా, ఇద్దరు ఆడపిల్లల మొక్కజొన్నను ముందు నిలబెట్టాడు.

ఇంత పని చేసినా ఆమెకు స్థిరమైన ఉద్యోగం లేదు. ఫెలోషిప్పుల మీద బతికారు. మిస్సౌరిలో స్టాడ్లర్ దగ్గరికి వెళ్ళి, ఎక్స్‌కిరణాలు తగిలి క్రోమోజోములు ఎలా తెగుతాయో చూశారు. 1933లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ మీద జర్మనీ వెళ్ళారు. హిట్లర్ అప్పుడే గద్దెనెక్కాడు. స్టెర్న్ లాంటి యూదు శాస్త్రవేత్తలు దేశం వదిలిపోతున్నారు. ఆమె మధ్యలోనే తిరిగి వచ్చేశారు. 1936లో మిస్సౌరి విశ్వవిద్యాలయంలో అసిస్టెంటు ప్రొఫెసర్ అయ్యారు. ఒక ఆదివారం తాళంచెవి మరిచిపోయి కిటికీలోంచి ప్రయోగశాలలోకి దూకారన్నది అక్కడివాళ్ళు చాలాకాలం చెప్పుకున్న కథ. అక్కడ తనకు పై మెట్టు ఇవ్వరని ఆమెకు అర్థమైంది. 1941లో, వేరే ఉద్యోగమేదీ చేతిలో లేకుండానే వచ్చేశారు. మొక్కజొన్న వేసుకోవడానికి నేల కావాలి, అదొక్కటే దిగులు. రోడ్స్ అప్పుడు కొలంబియాలో ఉండి, లాంగ్ ఐలాండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో తన మొక్కజొన్న వేసుకునేవాడు. స్నేహితుడి చేను చూసుకుని ఆమె కూడా అక్కడికి వెళ్ళారు. ఆ ఏడాది చివర్లో కార్నెగీ సంస్థ తరఫున ఒక్క ఏడాదికని ఉద్యోగం ఇచ్చారు. ఆ ఒక్క ఏడాది ఆమె పోయేదాకా, యాభై ఏళ్ళు సాగింది.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. 1944లో బీడిల్ ఆమెను స్టాన్‌ఫర్డ్‌కు పిలిచారు. రొట్టె మీద పట్టే ఎర్రని బూజు మీద ఆయన పని. ఆ బూజు క్రోమోజోములు మరీ చిన్నవి, ఎవరూ చూడలేకపోయారు. ఆమె మొదటి కొన్ని రోజులు ఏమీ కనబడక విసిగి, బయటికొచ్చి నీలగిరి చెట్ల కింద బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. లేచి వెళ్ళాక అంతా కనబడటం మొదలైందట. కొద్ది రోజుల్లోనే ఏడు క్రోమోజోములూ, వాటి క్షయకరణ విభజనా తేల్చేశారు. సూక్ష్మదర్శిని ముందు గంటలు గంటలు కూర్చున్నవాళ్ళకు ఇది నమ్మదగ్గ మాటే. కన్ను అలవాటు పడాలి, దానికి తొందర చేస్తే కుదరదు.

కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆమె చేను చిన్నది. ఆమే విత్తేవారు, ఆమే నీళ్ళు పెట్టేవారు, ఆమే సంచులు కట్టి పరాగసంపర్కం చేసేవారు. ఒక్కో మొక్కకూ ఒక కార్డు. ఆ కార్డుల్లోంచే పెద్ద కథ బయటికొచ్చింది. తొమ్మిదో క్రోమోజోము కొన్ని మొక్కల్లో ఎప్పుడూ ఒకే చోట తెగుతోంది. ఆ తెగే చోటుకు డీఎస్ అని పేరు పెట్టారు. అది ఊరికే తెగదు, ఏసీ అనే ఇంకొకటి కణంలో ఉంటేనే తెగుతుంది. ఇంతవరకూ వింతే అయినా ఒప్పుకోవచ్చు. తర్వాత చూస్తే డీఎస్ ఉన్నచోట లేదు, వేరే చోట ఉంది. ఇల్లు మారింది! రంగు జన్యువు దగ్గరకు వచ్చి కూర్చుంటే గింజ తెల్లబడింది. గింజ పెరుగుతుండగా కొన్ని కణాల్లో అది లేచిపోతే అక్కడ రంగు మళ్ళీ వచ్చింది. తెల్ల గింజ మీద ఊదా మచ్చలు. త్వరగా లేచిపోతే పెద్ద మచ్చ, ఆలస్యంగా లేచిపోతే చిన్న చుక్క. మచ్చ ఆకారాన్ని బట్టి గింజ ఏ వయసులో లోపల ఏం జరిగిందో ఆమె చెప్పగలిగేవారు.

జన్యువులు దండలో పూసల్లా ఎక్కడివక్కడ ఉంటాయన్నది అప్పటి నమ్మకం. ఆ పటాలు గీయడానికి ఆధారం క్రాసింగ్ ఓవర్. క్రాసింగ్ ఓవర్‌ను కంటికి చూపించిన మనిషే ఇప్పుడు పూసలు కొన్ని కదులుతాయని చెబుతోంది. ఆరేళ్ళు సరిచూసుకుని 1950లో వ్యాసం రాశారు, 1951 వేసవిలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సభలో చదివారు. హాలు మౌనంగా ఉండిపోయింది.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆమెను అందరూ తరిమేశారని, పిచ్చిది అన్నారని, పాపం ఒంటరిగా మగ్గిపోయిందని కథలు రాస్తారు. సినిమాకు బాగుంటుంది. జరిగింది చూస్తే, 1944కే ఆమె అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీకి ఎన్నికయ్యారు, ఆ గౌరవం పొందిన మహిళల్లో మూడో ఆమె. 1945లో అమెరికా జన్యుశాస్త్ర సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు అయ్యారు. మొక్కజొన్న మీద పనిచేసేవాళ్ళు ఆమె ఫలితాలను నమ్మారు, తమ మొక్కల్లోనూ చూశారు. వాళ్ళు ఒప్పుకోనిది ఆమె దానికి చెప్పిన అర్థాన్ని. ఈ కదిలే ముక్కలు జన్యువులను ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో నియంత్రిస్తాయని, పిండం నుంచి మొక్క ఎదిగే తీరుకు ఇదే కీలకమని ఆమె నమ్మారు. అందులో కదలడం నిజం. ఎదుగుదల మొత్తానికి అదే తాళంచెవి అన్నది ఆమె అనుకున్న రూపంలో నిలవలేదు. గొప్పవాళ్ళ గురించి రాసేటప్పుడు ఈ రెండో సగం చెప్పకపోవడం నాకు నచ్చదు. అర్థం కాలేదన్న బాధ ఆమెకు ఉన్నమాట మాత్రం నిజం. పత్రికల్లో ఆ విషయం మీద రాయడం బాగా తగ్గించేశారు. సంస్థ వార్షిక నివేదికల్లో మాత్రం రాస్తూ వచ్చారు. చేను మానలేదు.

1957 నుంచి ఆమె మధ్య, దక్షిణ అమెరికాల నాటు మొక్కజొన్నల మీద పడ్డారు. క్రోమోజోముల మీది బుడిపెలు ఏ ప్రాంతపు రకంలో ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే, ఏ జనం ఏ విత్తనాలు పట్టుకుని ఏ దారిన వెళ్ళారో తెలుస్తుంది. ఆ ప్రాంతపు కుర్రవాళ్ళకు తర్ఫీదు ఇచ్చి, ఇద్దరు సహరచయితలతో కలిసి వేసిన పుస్తకం 1981కి గానీ బయటికి రాలేదు. నోబెల్ హడావుడిలో ఈ పుస్తకాన్ని ఎవరూ తలుచుకోరు. విత్తనాల మనిషిగా నాకిది ఆమె రెండో గొప్ప పని.

ఈలోపు బాక్టీరియాలో కదిలే ముక్కలు కనబడ్డాయి. మందులకు లొంగని గుణం ఒక బాక్టీరియా నుంచి ఇంకొకదానికి పాకడంలో వాటి చెయ్యి ఉందని 1970ల్లో తేలింది. ఈగల్లో, ఈస్టులో, ఎక్కడ వెతికితే అక్కడ దొరికాయి. మన జన్యుపదార్థంలో దాదాపు సగం, మొక్కజొన్నలో దాదాపు ఎనభై అయిదు శాతం ఇలాంటి ముక్కల నుంచి వచ్చినదేనని ఇప్పటి లెక్క. 1981లో ఆమెకు వరసగా పెద్ద బహుమతులు వచ్చాయి. 1983 అక్టోబరులో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ విభాగంలో ఎవరితోనూ పంచుకోకుండా ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే. ఇంట్లో ఫోను లేదు, రేడియోలో విన్నారు. విని, మామూలుగా వేసుకునే పని బట్టలు వేసుకుని అడవిలోకి అక్రోటు కాయలు ఏరుకోవడానికి వెళ్ళారు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి.

1990లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు మెండెల్ ముడతల బఠానీ ఎందుకు ముడత పడుతుందో కనుక్కున్నారు. పిండి తయారుచేసే ఒక జన్యువు మధ్యలో ఒక కదిలే ముక్క వచ్చి కూర్చుంది. అది ఏసీ, డీఎస్‌ల కుటుంబానికి చెందినదే. మనం పదో తరగతిలో నున్నని గింజ, ముడతల గింజ అని గీసుకున్న పటంలో, ముడతల గింజ వెనక ఉన్నది మెక్లింటాక్ ముక్క అన్నమాట. ఈ సంగతి బయటపడేనాటికి ఆమె బతికే ఉన్నారు.

1992 సెప్టెంబరు 2న, తొంభై ఏళ్ళ వయసులో, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పక్కనే ఉన్న హంటింగ్టన్‌లో పోయారు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి భయపడిందే జరిగిందని ఎవరైనా అంటే అనవచ్చు.

ఆ తర్వాత రెండేళ్ళకు, 1994లో, ఇంగ్లండులోనే ఒక బృందం మొక్కజొన్న డీఎస్ ముక్కను టమోటాలోకి పంపింది. అది దూకుతూ దూకుతూ ఒక జన్యువులోకి దూరి దాన్ని చెడగొట్టింది. చెడిన చోటును పట్టుకుని వెతికితే, ఆకు బూజు తెగులును తట్టుకునే జన్యువు దొరికింది. నేను పని చేసిన ప్రయోగశాలకు ఆ వ్యాసం ప్రతి వచ్చిన రోజున, అందులో డీఎస్ అన్న పేరు చూసి, మొక్కజొన్నామె మన టమోటాలోకి కూడా వచ్చేసిందని పక్క బల్ల దగ్గరి కుర్రాడికి చెప్పాను. అతను అప్పుడు మొగ్గలు నలగ్గొడుతున్నాడు, తల ఎత్తలేదు.